ఆరో గీతకు పేరు

నుదుటి గీతను నమ్మని క్రైస్తవ కుటుంబంలో పుట్టి కూడా కృపావరం పొట్ట గడిచేది గీతల మీదే. షామ్‌బర్గ్‌లో రోడ్డు పక్కన ఒంటి అంతస్తు ఆఫీసు. ఆ ఆఫీసులో ఫ్యాక్టరీల చుట్టుపక్కల నీళ్లూ మట్టీ పరీక్షించి రిపోర్టులు రాస్తారు. రిపోర్టుల్లో గ్రాఫులుంటాయి. ఆ గ్రాఫులు గీసే యంత్రానికి కుడిచెయ్యి కృపావరం. ముప్ఫై తొమ్మిదేళ్లొచ్చినా మెడలో టై తప్ప మరో ముడి పడని మనిషి. ఊరు నరసాపురం. ఆఫీసులో పేరు క్రిస్. కృపలో సగం, క్రిస్మస్‌లో సగం. పూర్తి పేరు పలికే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. జీతాల పేరోల్ కాగితాల మీద కూడా క్రిస్ అనే ఉండేది.

ఆ యంత్రాన్ని ప్లాటర్ అంటారు. భోజనాల బల్లంత బల్ల, దాని మీద పరిచిన కాగితం, పక్కన గుండ్రటి గూట్లో ఎనిమిది పెన్నులు. కంప్యూటర్ చెప్పినట్టు ఒక ఇనప చెయ్యి వెళ్లి కావలసిన పెన్ను తెచ్చుకుని, గీసి, మళ్లీ గూట్లో పెట్టి వస్తుంది. మన పిల్లల కంటే బుద్ధిమంతురాలు, తీసిన చోట పెడుతుంది. ఎనిమిదో పెన్ను మాత్రం ఎండిపోయి ఏడాదైంది. దానితో ఎవరికీ పని లేదు గనుక తీసి పారేసే పని కూడా ఎవరూ పెట్టుకోలేదు.

గ్రాఫుకు ఒక మూల చిన్న పెట్టె ఉంటుంది. నల్ల గీత ఫలానాది, ఎర్ర గీత ఫలానాది అని చెప్పే పెట్టె. దాన్ని లెజెండ్ అంటారు. మన పురాణాల్లాగే అది లేకపోతే ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థం కాదు. ఆ పెట్టె గీసే ప్రోగ్రాం కృపావరం సొంతంగా రాసుకున్నాడు. పెట్టె కుడిమూల ఉండాలా ఎడమమూలా, చుట్టూ గడి కట్టాలా వద్దా, ఏ పేరు ముందు ఏ పేరు వెనక, పేరు పక్కన నమూనా గీత ఎంత పొడుగుండాలి, అన్నీ మార్చుకోవచ్చు. ఏదైనా గీతను పెట్టెలోకి రానివ్వకూడదనుకుంటే పేరు ముందు నక్షత్రం గుర్తు పెడితే చాలు. గ్రాఫులో గీత ఉంటుంది, పెట్టెలో పేరుండదు. ఆ నక్షత్రం ఏ నక్షత్రాన రాశాడో గాని, దాని ఫలితం ఎనభై మూడు జనవరిలో మొదలైంది.

ఒక శుక్రవారం బాసు హాల్‌బర్గ్ కాఫీ కప్పుతో ప్లాటర్ గదిలోకి వచ్చాడు. షామ్‌బర్గ్‌లో హాల్‌బర్గ్ మాట కాదంటే హామ్‌బర్గర్ కూడా పుట్టదని ఆఫీసులో సామెత. బల్ల మీద ఆరు బావుల గ్రాఫు ఉంది. ఇనప భాగాలకు అంటిన గ్రీజు కడిగే ద్రావకం ఒకటి ఒక ఫ్యాక్టరీ వెనక నేలలోకి దిగింది. నీళ్లలో కలిశాక రంగు లేదు, వాసన లేదు. ఐదు బావులు ఫ్యాక్టరీ కంచె లోపలివి, పరీక్ష కోసమే తవ్వినవి. ఆరోది కంచె బయట ఎవరిదో ఇంటి బావి. లెక్కల కాగితాల్లో దాని పేరు డి.డబ్ల్యు-6, అంతే. ఐదు గీతలూ నేలబారుగా పాకుతున్నాయి. ఆరోది, ఆకుపచ్చది, మెట్లెక్కుతోంది.

"క్రిస్, ఆరోది మరీ పైకి పోతోందయ్యా."

"నేను పంపలేదు సార్. నీళ్లే పంపాయి."

"గీత తీసెయ్యమనడం లేదు. డేటా దాచామని రేపు ఎవరూ అనకూడదు. లెజెండ్‌లోంచి పేరు తీసెయ్, చాలు. గీత ఉందా లేదా అని చూస్తారు గాని, పేరేదని కౌంటీ అధికారులెవరూ అడగరు."

"ఆ ఇంట్లో వాళ్లు తాగుతుంటారు కదా సార్."

"అది క్లయింటు చూసుకుంటాడు. సోమవారానికి గ్రాఫు కావాలి. అన్నట్టు నీ గ్రీన్‌కార్డు కాగితాలు నా టేబుల్ మీదున్నాయి. అవి కూడా సోమవారమే సంతకం చేద్దామనుకుంటున్నా."

నీళ్ల మాట అడిగినవాడు నీళ్లు నమిలాడు. ఏడేళ్లుగా ఆ కార్డు కోసమే చలిలో ఎండుతున్నాడు. పోతే నరసాపురానికి తిరుగు టిక్కెట్టు, అంతకంటే మార్గం లేదు. ఆకుపచ్చ కార్డు కావాలంటే ఆకుపచ్చ గీతకు పేరు తీసెయ్యాలి. గీత దాటే ధైర్యం లేక, డి.డబ్ల్యు-6 ముందు నక్షత్రం పెట్టాడు.

శనివారం ఉదయం పదింటికి ఆఫీసులో ఎవరూ లేరు. బయట మంచు మీద ఎండ పడి, కిటికీ నిండా కళ్లు చెదిరే తెలుపు. కృపావరం కాగితం పరిచి గ్రాఫు మొదలుపెట్టాడు. గీతలు పడ్డాయి. పెట్టె పడింది. ఐదు పేర్లు వరసగా పడ్డాయి. ఇనప చెయ్యి నల్ల పెన్నును గూట్లో పెట్టింది. అక్కడితో ఆగాలి.

ఆగలేదు. గూడు తిరిగింది. చెయ్యి ఎనిమిదో పెన్ను తీసుకుంది.

పెట్టెలోకి వచ్చి, ఐదో పేరు కింద, ఎండు ములికితో రాయడం మొదలుపెట్టింది. సిరా లేదు గనుక ఏమీ కనబడలేదు. చప్పుడు మాత్రం ఉంది, కొత్త పలక మీద గోరు పెట్టి లాగినట్టు. పావు నిమిషం రాసి, పెన్ను గూట్లో పెట్టి, మూలకు వెళ్లి నిలబడింది.

ప్రోగ్రాంలో ఎనిమిదో పెన్ను మాటే లేదు. ప్లాటర్‌కు పంపిన ఆజ్ఞలన్నీ అచ్చు తీసి చూశాడు. ఐదో పేరు దగ్గరే ఆజ్ఞలు అయిపోయాయి. మరి ఆ తర్వాత రాసింది ఎవరి ఆజ్ఞ? కలం కదిలితే కృపావరానికి కలవరం పుట్టడం అదే మొదటిసారి. కాగితం తీసి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకున్నాడు. మంచు వెలుగులో గీరలు లేచాయి. ముందు చిన్న నమూనా గీత, ఒక అడ్డగీత ఒక చుక్క, ఒక అడ్డగీత ఒక చుక్క. ఆ తీరు ఆరో గీతకు తప్ప దేనికీ ఇవ్వలేదు. దాని పక్కన ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, తన ప్రోగ్రాం రాసే వంకర లేని అక్షరాల్లోనే, దేవకుమార్ అని ఉంది.

దేవకుమార్ అతని బావ. రక్త సంబంధం కాదు, ఆదివారం సంబంధం. ఏడేళ్ల క్రితం తెలుగు ప్రార్థనలో కలిశారు. దేవకుమార్ భార్య వసంతకుమారి అన్నయ్యా అని పిలిచింది, దాంతో వాళ్లాయన బావ అయ్యాడు. ఊరి చివర టామరాక్ లేన్‌లో ఎకరం స్థలంలో ఇల్లు కొన్నారు. ప్లాటు కొన్నది బావ, ప్లాటు గీసేది తాను అని కృపావరం ప్రతి ఆదివారం అనేవాడు, ప్రతి ఆదివారం వాళ్లు నవ్వేవాళ్లు. ఊళ్లోని కొళాయి నీళ్లు సున్నపురాతి లోతుల్లోంచి వస్తాయి. వాటిలో కందిపప్పు గంట ఉడికినా గులకరాళ్లే. బావగారి బావి నీళ్లలో రెండు విజిల్స్‌కి వెన్న. అందుకని కృపావరం ప్రార్థన అయ్యాక వాళ్లింట్లో తిని, రెండు క్యాన్ల నీళ్లు కార్‌లో పెట్టుకుని తెచ్చుకునేవాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు వసంతకుమారికి ఇప్పుడు నాలుగో నెల. సంఘమంతా మోకాళ్లూని ప్రార్థన చేస్తున్నది ఆ బిడ్డ కోసమే.

తన తలలో ఉన్నదే కంటికి కనబడుతోందనుకున్నాడు. లెజెండ్‌ను ఎడమ కిందిమూలకు మార్చాడు, చుట్టూ గడి తీసేశాడు. మళ్లీ నడిపాడు. ఎండు పెన్ను ఎడమ కిందిమూలకే వచ్చింది. ఈసారి రెండు వరసలు రాసింది. కిటికీ దగ్గర చూస్తే దేవకుమార్ కింద వసంతకుమారి.

కృపావరం ఎనిమిదో పెన్ను పీకి సొరుగులో పడేశాడు. లెజెండ్ మొత్తానికే వద్దని ప్రోగ్రాంలో రాశాడు. పెట్టె లేదు, పేర్లు లేవు, ఒట్టి గీతలు. మూడోసారి నడిపాడు. గీతలన్నీ అయ్యాక చెయ్యి ఎనిమిదో గూటికి వెళ్లింది, అక్కడ ఏమీ లేకపోయినా ఉన్నదాన్ని తీసుకున్నంత మర్యాదగా తీసుకుంది, ఖాళీగా వచ్చి కాగితం మీద ఆడింది. చప్పుడు మాత్రం అదే.

కిటికీ దగ్గరకు వెళ్లబుద్ధి కాలేదు. వెళ్లాడు. పెన్నే లేని చెయ్యి రాసిన మూడో వరసలో కృపావరం అని ఉంది. క్రిస్ అని కాదు. ఆ గదిలో ఏ కాగితం మీదా, ఏ కంప్యూటర్ టేపులోనూ లేని పూర్తి పేరు, నరసాపురం మిషన్ బడి రిజిస్టరులో ఉన్నట్టు.

ఏడాదిగా ఆ నీళ్లే తాగుతున్నాడు.

మర్నాడు ప్రార్థన అయ్యాక కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని బావ వెనకే కారు పోనిచ్చాడు. వసంతకుమారి వంటింట్లో కుక్కర్ పెట్టింది. దేవకుమార్ గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. కృపావరం దాన్ని ముట్టకుండా బల్ల మీద పెట్టాడు.

"బావా, మీ బావి నీళ్లు ఎవరైనా పరీక్షకి పట్టుకెళ్లారా?"

"ఆఁ, ఎండాకాలం నుంచీ. పసుపు టోపీ పెట్టుకుని ఒకాయన నెలకోసారి వచ్చి చిన్న సీసాల్లో పట్టుకెళ్తాడు. మంచి మనిషి. బూట్లు గుమ్మం బయటే విప్పుతాడు పాపం, మన పద్ధతి తెలిసినట్టు."

"రిపోర్టు ఏమన్నా ఇచ్చారా?"

"ఇవ్వలేదు. బాగుంటే ఏం రాస్తారు? బాగోకపోతే రాస్తారు గాని."

"బాగోలేదు బావా. ఆ గ్రాఫు గీస్తున్నది నేనే."

దేవకుమార్ అతని మొహంలోకి చూశాడు, తర్వాత గ్లాసులోకి చూశాడు. గ్లాసు కిటికీ వైపు ఎత్తిపట్టాడు. నీళ్లు తేటగా, అమాయకంగా ఉన్నాయి.

"దీంట్లోనా? ఏం మాట్లాడుతున్నావురా. కందిపప్పు రెండు విజిల్స్‌కి ఉడుకుతుంది. మా అమ్మ మంచినీళ్ల బావికీ ఉప్పునీళ్ల బావికీ తేడా పప్పేసి చెప్పేది. చెడ్డ నీళ్లలో పప్పు ఉడుకుతుందా?"

"విషానికి పప్పుతో పేచీ ఏముంది బావా?"

"అది మా ఇంటి బావి అని నీకెవరు చెప్పారు? పేరు రాసుందా?"

"రాసుంది," అని కృపావరం కాగితం విప్పాడు. విప్పాక గాని తెలియలేదు, ఏం చూపించాలో. తాను పేరు తీసేసిన సంగతి చూపించాలా, తీసేసినా వచ్చిన సంగతి చూపించాలా? నక్షత్రం దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. గ్రీన్‌కార్డు సంగతి కూడా చెప్పాడు, తల వంచుకుని.

దేవకుమార్ కాగితాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పాడు. "ఏదో గీకినట్టుంది. రాత్రి నిద్ర పట్టక నువ్వే గోటితో గీకావేమో. బావా, నీకు పెళ్లి చెయ్యాలిరా. ఒంటరిగా మిషన్లతో ఉంటే ఇలాగే ఉంటుంది."

"మీరుండండి," అంది వసంతకుమారి గుమ్మం దగ్గర్నుంచి. చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం తీసుకుంది. ఆమె హాస్పిటల్లో నర్సు. ముసలివాళ్ల చేతుల్లో కంటికి కనబడని నరం వేలి కొసతో వెతికి పట్టుకునే మనిషి. కాగితం బల్ల మీద పరిచి, కళ్లు మూసుకుని, చూపుడు వేలు నెమ్మదిగా జరిపింది.

"ఇది మీ పేరు. ఇది నాది. ఇది అన్నయ్యది." వేలు కిందికి జరిగింది. ఆగింది. "నాలుగోది ఎవరిది అన్నయ్యా?"

"మూడే వసంతా. నేను వెలుగులో చూశాను."

"ఉంది. చిన్నగా ఉంది. నొక్కి రాయలేదు." కళ్లు తెరవకుండానే ఒక్కో అక్షరం పైకి చదివింది. "పి. ఆర్. ఇ. ఎమ్. ఎ. జె." అక్కడ ఆగిపోయింది. వేలు మిగతా అక్షరాల మీదుగా వెళ్లింది గాని నోరు కదలలేదు. కుక్కర్ మొదటి విజిల్ వేసింది.

"ఎవరే ఆ ప్రేమ?" అన్నాడు దేవకుమార్.

"ప్రేమజ్యోతి. ఆడపిల్లయితే పెడదామనుకున్న పేరు." ఆమె గొంతు మామూలుగానే ఉంది, వార్డులో జ్వరం ఎంతుందో చెప్పినట్టు. "పుట్టకముందు పేరు బయటికి అనకూడదని మా నాయనమ్మ పట్టింపు. అందుకని మీకు కూడా చెప్పలేదు. ఎక్కడా రాయలేదు. ప్రార్థనలో మనసులో అనుకున్నానంతే."

దేవకుమార్ చేతిలో గ్లాసు ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, ఆఖరికి సింకులో పారబోశాడు. భావి అంతా ఉన్నది ఆ బావిలోనే అని అప్పటికి అర్థమైంది. బేస్‌మెంట్‌లోకి దిగి పంపు ఆపేశాడు. ఇంట్లో ఎక్కడెక్కడి గొట్టాలో ఒకసారి నిట్టూర్చి ఊరుకున్నాయి. వసంతకుమారి కుక్కర్ దించి పెరటి తలుపు తీసి, ఉడికీ ఉడకని పప్పు మంచు మీద కుమ్మరించింది. తెల్లటి మంచులో పచ్చటి గుంట పడి, ఆవిరి లేచింది.

"అన్నయ్యా, నీ ఇంట్లో మాకు చోటుందా?" అంది.

"ఉంది. మంచం ఒకటే. నేను సోఫాలో పడుకుంటాను."

"రేపు డ్యూటీకి వెళ్లగానే డాక్టర్‌తో మాట్లాడతాను. నువ్వు కూడా రక్తం ఇవ్వాలి, మాతో పాటే. ఆ గ్రాఫు మాత్రం..."

"రేపు పేరు పెడతాను," అన్నాడు కృపావరం. ఆ మాటతోనే గ్రీన్‌కార్డుకు నీళ్లొదిలేశాడు. అదీ క్యాన్ నీళ్లే.

సోమవారం తొమ్మిదింటికి నక్షత్రం చెరిపేశాడు. డి.డబ్ల్యు-6 పక్కన టామరాక్ లేన్ అని, ఇంటి నంబరు కూడా చేర్చాడు. లెజెండ్‌ను అందరికీ కనబడేలా కుడి పైమూలకు తెచ్చి, చుట్టూ మందంగా గడి కట్టాడు. అప్పుడు స్టోర్ రూంలోంచి కొత్త ఎర్ర పెన్ను తెచ్చి, మూత తీసి, ఎనిమిదో గూట్లో పెట్టాడు. ఏం రాయాలనుందో సిరాతో రాయనీ. గీరలు వెలుగులో వెతకడానికి అందరింట్లోనూ నర్సు ఉండదు.

ఆరు గీతలు పడ్డాయి. ఆరు పేర్లు పడ్డాయి. గూడు తిరిగింది. చెయ్యి ఎర్ర పెన్ను పట్టుకొచ్చింది.

దేవకుమార్ అని రాస్తుందనుకున్నాడు. రాయలేదు. వసంతకుమారి లేదు, తాను లేడు. నాలుగో పేరు కోసం చూశాడు, అదీ లేదు. నిన్న ఆ నీళ్లు మానేసినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. నోవాక్ హెలెన్ అని రాసింది. దాని కింద నోవాక్ వాల్టర్. దాని కింద లుండీన్ అని మొదలయ్యే పేర్లు ఐదు. ప్రతి పేరు ముందూ ఒక అడ్డగీత, ఒక చుక్క. గడి అంచు దాటింది, ఆగలేదు. గ్రాఫు గీతల మీదుగా, కింది అక్షం మీదుగా దిగుతూ పోయింది. అక్షరాలు చిన్నవయ్యాయి, వరసలు దగ్గరయ్యాయి, ఎవరికో ఆలస్యమైపోతున్నట్టు చెయ్యి తొందరపడింది.

వెనక హాల్‌బర్గ్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"పేరు తీసెయ్యమన్నాను క్రిస్."

"తీశాను సార్. తీసేకొద్దీ వస్తున్నాయి."

"ఎవరు వీళ్లంతా? ఎవరు టైపు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు."

హాల్‌బర్గ్ వెళ్లి గోడలోంచి ప్లగ్ పీకాడు. ప్లాటర్ దీపం ఆరిపోయింది. చెయ్యి మరో మూడు పేర్లు రాసి, కాగితం అయిపోయాక బల్ల మీదే ఇంకో పేరు మొదలుపెట్టి, సగంలో ఆగింది. ఆయన చేతిలో ప్లగ్ వైరు పాము తోకలా వేలాడుతోంది.

"ఆ కాగితం ఈ గది దాటితే నీ కాగితాల మీద సంతకం ఉండదు," అన్నాడు, పెద్దగా కాదు.

"తెలుసు సార్. నా పేరు క్రిస్ కాదు, కృపావరం. సంతకం పెట్టకపోయినా పేరైనా సరిగ్గా పలకండి."

కాగితం చుట్టుకుని కోటు తీసుకుని బయటికి నడిచాడు. దారిలో కౌంటీ ఆఫీసులో ఆగి, గ్రాఫు కాపీ ఒకటి తీయించి, కింద తన పేరూ అడ్రసూ రాసి, కౌంటర్ దగ్గర ముద్ర వేయించుకుని ఇచ్చాడు. అక్కడి అమ్మాయి పేర్ల జాబితా చూసి, ఇవన్నీ ఏమిటని అడిగింది. టామరాక్ లేన్‌లో ఇంకా ఆ బావినీళ్లు తాగేవాళ్లని చెప్పాడు. ఆ ఫ్యాక్టరీ మీద విచారణ బుధవారమని, అప్పటిదాకా ఎవరూ ఏమీ చెయ్యలేరని ఆమె చెప్పింది.

బుధవారానికి రెండు రోజులుంది. రెండు రోజుల్లో ఎన్ని గ్లాసులు?

టామరాక్ లేన్‌లో మంచు తవ్వి దారి చేసి ఉంది. బావ ఇల్లు చీకటిగా, తాళం వేసి ఉంది. దాని పక్కింటి ముందు కారు ఆపాడు. రోడ్డు వార ఉత్తరాల పెట్టె మీద మంచు పేరుకుని అక్షరాలు కనబడలేదు. చేతితో తుడిచాడు. నోవాక్. కాగితం విప్పి మొదటి పేరు మరోసారి చూసుకున్నాడు. ఎర్ర సిరా ఇంకా ఆరలేదు. వేలికి అంటింది.

మెట్లెక్కి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల ఎక్కడో కొళాయి తిప్పిన చప్పుడు, గిన్నెలోకి నీళ్లు పడుతున్న చప్పుడు. బెల్ నొక్కాడు.